మంచుకొండల రైలుదారి – మన గణపురము

దూరదేశములు తిరిగి వచ్చినవారిని మనము సాధారణముగా అడుగునది ఒక్కటే: ఏమేమి చూచితిరి? వారును చూచిన మేడలు, వంతెనలు, చిత్రశాలలు, మంచుకొండలు వర్ణించి చెప్పుదురు. వినుటకు ముచ్చటగనే యుండును. కాని ఆ దారి నెవరు వేసినారు, ఆ వంతెనకు రాయి నెవరు మోసినారు అని అడుగువారు అరుదు. మేమును చాలకాలము అట్లు అడుగనివారిలోని వారమే. ఒక చలికాలమున ఐరోపా ఖండములో మిత్రునితో కూడి చేసిన రైలు ప్రయాణము ఆ ప్రశ్నను మా ముందుంచినది. దానికి సమాధానము వెదకికొనుచు వచ్చి వచ్చి, చివరకు మన పాలమూరు సీమలోని ఖిల్లా ఘణపురము గుట్టమీద నిలిచినాము. ఆ కథనే ఇచట చెప్పదలచినాము.

మా మిత్రుడు ఇంజనీరు. గణపురమునకు ప్రక్కనున్న పల్లెలో పుట్టి, చదువు వలన విదేశములకు పోయి అచటనే పనిలో కుదిరినవాడు. కొన్ని సంవత్సరముల క్రితము జనవరి నెలలో మేము పారిస్ నగరము చేరగా అతడు వచ్చి కలిసికొన్నాడు. ఇటలీ దేశమునకు పోవలెనని మా సంకల్పము. విమానములో గంటన్నరలో పోవచ్చును. రైలులోనైనను ఇప్పుడు త్వరగా పోవు దారి కలదు. ఆల్ప్స్ పర్వతముల అడుగున 57 కిలోమీటర్ల పొడవున త్రవ్విన క్రొత్త గోథార్డ్ సొరంగము 2016లో తెరువబడినది. కాని మా మిత్రుడు, "తొందరపడి పోయి చేసెడిదేమున్నది? పాత దారిననే పోదము. కొండ ఎక్కినట్లును ఉండును, దిగినట్లును ఉండును" అన్నాడు. మేము సరే యన్నాము.

పారిస్ నుండి బాసెల్, అచటినుండి లుట్సెర్న్ సరస్సు ప్రక్కగా మా బండి దక్షిణమునకు సాగినది. సరస్సు నీరు సీసపు రేకు వలె నిశ్చలముగా నున్నది. ఎర్స్ట్‌ఫెల్డ్ స్టేషను దాటిన పిదప కొండలు రెండు ప్రక్కల నుండి దగ్గరకు వచ్చినవి. పొలములు, ఇండ్ల కప్పులు, కట్టెల మోపులు, అన్నియు మంచుక్రింద ఒకే తీరున తెల్లగా నున్నవి. బండిలోపల వెచ్చగా నున్నది; అద్దమునకు వ్రేలు తాకించినచో మాత్రము బయటి చలి ఎంతటిదో తెలియుచున్నది. మా మిత్రుని తల్లి ఊరి నుండి పంపిన సకినాలు, పల్లీల ఉండలు డబ్బానుండి తీసి ఇద్దరమును తినుచు కూర్చున్నాము.

ఆ దారిలో వాసెన్ అను చిన్న యూరు కలదు. దాని మిట్టమీద ఒక తెల్లని చర్చి. బండి పోవుచుండగా ఆ చర్చి మొదట మా తలలకు పైన కనబడినది. కొంతసేపటికి ఎదురుగా, సమానమైన ఎత్తున కనబడినది. మరికొంతసేపటికి అదే చర్చి మా పాదములకు క్రింద లోయలో కనబడినది. బండి నేరుగా కొండనెక్కలేదు గనుక, కొండ గర్భములోనే గుండ్రముగా త్రవ్విన సొరంగములలో చుట్టు తిరిగి, మెలికలు పడుచు, క్రమముగా పైకి వచ్చుచున్నది. ఒకే చర్చిని మూడు ఎత్తులనుండి చూపు ఆ యేర్పాటు నెరుగని ప్రయాణికుడు మూడు ఊళ్లు దాటితిననియే అనుకొనును. మా మిత్రుడు నవ్వి, "మా గణపురం గుట్ట గూడ గిట్లనే. ఏ దిక్కునుంచి వచ్చినా అదే కనబడుతది" అన్నాడు.

ఆ పైన గోషెనెన్ స్టేషను వచ్చినది. సముద్ర మట్టమునకు దాదాపు 1,100 మీటర్ల ఎత్తు. అచట పాత గోథార్డ్ సొరంగము మొదలగును. పొడవు 15 కిలోమీటర్లు. దాని చరిత్రను కొంచెము చెప్పవలెను.

ఉత్తర ఐరోపాను ఇటలీతో రైలుదారిన కలుపుట ఒక్క స్విట్జర్లండుకు తలకు మించిన పని. అందుచేత ఇటలీ, జర్మనీ దేశములును ఖర్చులో పాలుపంచుకొన్నవి. 1872లో పని ఆరంభమైనది. జెనీవాకు చెందిన లూయి ఫావ్ర్ అను గుత్తేదారు ఎనిమిదేండ్లలో ముగింతునని ఒప్పుకొన్నాడు. గడువు దాటినచో అపరాధము చెల్లింపవలెనని షరతు. ఉత్తరమున గోషెనెన్ నుండియు, దక్షిణమున ఐరోలో నుండియు, రెండు వైపుల నుండి కొండను తొలిచినారు. నోబెల్ కనిపెట్టిన డైనమైటు అప్పటికి క్రొత్తది. ఒత్తిడి పెట్టిన గాలితో నడుచు తొలిచెడి యంత్రములు వాడినారు. 1880 ఫిబ్రవరి 29న రెండు ప్రక్కల వారును కొండ నడుమ కలిసికొన్నారు. కాని ఫావ్ర్ అప్పటికి లేడు. 1879లో ఆ సొరంగములోనే గుండె ఆగి మరణించినాడు. తొలి రంధ్రము పడినపుడు అవతలి ప్రక్కకు మొట్టమొదట అందించినది అతని ఛాయాచిత్రమట. 1882లో రైళ్లు నడచినవి.

ఇంతవరకు మార్గదర్శక గ్రంథములన్నిటిలోను ఉన్నదే. ఆ సొరంగమును త్రవ్వినవారు ఎవరన్నది తరువాతి మాట. వారిలో అత్యధికులు ఇటలీ దేశపు బీదపల్లెల నుండి బ్రతుకుదెరువుకై వచ్చిన కూలీలు. సొరంగములోపల వేడి 30 డిగ్రీలు దాటినది. గాలి చాలదు, పొగ, దుమ్ము, మడమల లోతు నీరు. బయటకు వచ్చిన వెంటనే ఆల్ప్స్ చలి. ఒకే మంచమును ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా వాడుకొన్నారు. 1875లో గోషెనెన్ కూలీలు పని మాని ఎదురు తిరిగినపుడు తుపాకులు ప్రేలినవి, నలుగురు చనిపోయినారు. ప్రమాదములలో పోయినవారు దాదాపు 200 మంది. మరి యెందరో పాలిపోయి, నీరసించి, ఊళ్లకు పోయి చనిపోయినారు. వారిని పట్టినది కొంకిపురుగు వ్యాధియని 1880 ప్రాంతమున ట్యూరిన్ వైద్యులు గుర్తించినారు. చెప్పులు లేక బురదలో పనిచేయువారిని పట్టుకొను ఆ పురుగును మన పొలముల కూలీలును ఎరుగుదురు.

సొరంగములో చీకటి చాలసేపు సాగినది. అద్దములో మా ముఖములు తప్ప మరేమియు కనబడలేదు. అవతల ఐరోలో స్టేషనులో దిగినాము. అక్కడ ఒక కంచు ఫలకము కలదు. విన్చెంజో వేలా అను శిల్పి 1882–83లో చెక్కిన 'శ్రమకు బలియైనవారు' అను శిల్పమునకు అది కంచుపోత. ఎవరును అడుగకయే, ఎవరును ధనమియ్యకయే అతడు దానిని చేసినాడు. రైలుదారికి ఏబదియేండ్లు నిండిన 1932లో దానిని అచట నిలిపినారు. చనిపోయిన తోటి కూలీని మంచెమీద మోసికొని వచ్చుచున్న కూలీలు; వారి వంగిన వెన్నులు; ఒకని చేతిలో దీపము. అందులో రాజు లేడు, మంత్రి లేడు, గుత్తేదారు లేడు.

మా మిత్రుడు ఆ మంచులో దాని ముందు చాలసేపు నిలిచినాడు. చలికి చేతులు కొంకర్లు పోవుచున్నవి. పోదము రమ్మని మేము రెండుసార్లు పిలిచినాము. చివరకు అతడు మెల్లగా అన్నాడు: "అన్నా, మా తాత నందికొండ పనికి పోయిండు. రాయి మోసిండు. గీ బొమ్మల ఉన్నోళ్ల లెక్కనే వంగిపోయిండే, నేను పుట్టేటాల్లకు. గని ఆయన పేరు ఏడ రాసుకున్నరు? నేను గూడ ఎన్నడు అడగలే." మాకు మాట రాలేదు.

నందికొండ యనగా నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచినారు. సిమెంటు కాంక్రీటుతో గాక రాతికట్టడముగా నిర్మించిన అతిపెద్ద ఆనకట్టలలో అది యొకటి. రాయి మీద రాయి మనిషి చేతితోనే పేర్చవలసియుండెను. ఆ రాళ్లు మనుష్యుల భుజముల మీదనే పైకి పోయినవి. శంకుస్థాపన రాయిమీద నున్న పేరు మన కందరకు తెలియును. కట్టిన రాళ్లను మోసినవారి పేర్లు వారి వారి ఇండ్లలోనే మిగిలినవి. కొన్ని ఇండ్లలో అవియును మిగులలేదు.

మిలాన్ చేరు వరకు మేము మన సీమను గూర్చియే మాటలాడుకొన్నాము. గణపురమును గూర్చి మేము చదివిన ఒక గ్రంథము ఆ వేళ మాకు స్మృతికి వచ్చినది. అది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా నున్న ఆ పెద్దమనిషి 1830 మే 18న, దాదాపు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరినారు. శ్రీశైలము చూచి, కృష్ణ దాటి, వనపర్తి సంస్థానపు సీమగుండా గణపురము వచ్చి, జడచర్ల దారిన హైదరాబాదు చేరినారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరినారు. త్రోవలో చూచిన ఊళ్లు, నడిచిన దూరములు, బావులు, సత్రములు, పంటలు, దొరకు సామానులు, అన్నియు వ్రాసి తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి పంపుచు వచ్చినారు. వీరాస్వామయ్య గారు 1836లో కీర్తిశేషులు కాగా, ఆ మిత్రుడే 1838లో వానిని గ్రంథముగా అచ్చు వేయించినారు. తెలుగువారి యాత్రాగ్రంథములకు అది తొలి మెట్టు. స్నేహము లేనిచో ఆ పుస్తకమును లేదు.

ఆ సంవత్సరమును ఒక్కసారి గమనింపుడు. వీరాస్వామయ్య గారు ఇంకను యాత్రలో నుండగనే, 1830 సెప్టెంబరు 15న, ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరముల నడుమ రైలుదారి తెరువబడినది. రెండు పెద్ద నగరముల నడుమ ప్రయాణికులను ఆవిరి యంత్రములతోనే చేరవేసిన మొదటి దారి అది. ఒకచోట ఇనుప గుర్రము పరుగు మొదలిడినది. మరియొకచోట, మన గణపురము గుట్ట క్రింద, బోయీలు పల్లకి మోసికొని పోవుచున్నారు. అచట బొగ్గు పొగ, ఇచట మనిషి చెమట అని తేడా చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ రైలుదారికి బురదనేలను పూడ్చినవారును, కొండరాతిని కోసినవారును తట్ట, పార పట్టిన కూలీలే. పల్లకిని మోసిన భుజము మన కండ్లకు కనబడును. రైలును మోసిన భుజము దారి పూర్తియైన మరునాడే కనుమరుగగును. ఇంతియే భేదము.

మన సీమకు రైలు వచ్చిన విధమును ఇట్టిదే. వాడి నుండి సికింద్రాబాదు వరకు 1874లో నిజాము ధనముతో రైలుదారి వేసినారు. 1883లో దానిని పెంచుటకు లండనులో ఒక కంపెనీ నేర్పరచి, మదుపు పెట్టినవారికి ఇరువదియేండ్లపాటు నూటికి 5 వంతున వడ్డీ పూచీపడినారు. 'పూచీపడిన రైల్వే' యన్న పేరు అందువలననే వచ్చినది. ఆ ఒప్పందములోని షరతు లేమిటో ప్రజలకు చెప్పవలెనని హైదరాబాదులో కొందరు విద్యావంతులు అడిగినారు. అడిగిన నేరమునకు అఘోరనాథ చట్టోపాధ్యాయ గారిని, అనగా సరోజినీ నాయుడు గారి తండ్రిని, రాజ్యమునుండి పంపివేసినారు. చరిత్రలో దానిని చాందా రైల్వే ఆందోళన యందురు. రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరినది. 1930లో కంపెనీ పోయి రైల్వే నిజాము ప్రభుత్వపు సొంతమైనది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో చిన్నపట్టాల దారి మహబూబునగరము మీదుగా గద్వాల వైపు సాగినది. అది గణపురమునకు పడమరగా పోయినది. వనపర్తి పేరు పెట్టుకొన్న స్టేషను సైతము పట్టణమునకు దూరమున మదనాపురము కడ నున్నది. వీరాస్వామయ్య గారి పల్లకి ఆగిన ఊరికి రైలుబండి రాలేదు.

రైలు రాకపోయినను, ఊరివారు రైలుకు పోయినారు. వానలు నమ్మరాని ఆ సీమలో గుంపు మేస్త్రీ వచ్చి, ముందుగా కొంత సొమ్ము అప్పుగా నిచ్చి, ఆలుమగలను, ఒక్కొక్కప్పుడు పిల్లలను గూడ దూరదేశముల మట్టిపనికి తీసికొని పోవువాడు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, రైలుకట్టలు – ఎక్కడ పని యున్న అక్కడ 'పాలమూరు లేబరు' అన్న పేరు వినబడినది. దేశమంతట నీరు పారించిన చేతులు తమ చేనికి నీరు లేక వలస పోయినవి. ఇటలీ పల్లెల నుండి గోషెనెన్ పోయిన కూలీలకును, గణపురపు పల్లెల నుండి నందికొండ పోయిన కూలీలకును భాష వేరు, చలి వేరు, ఎండ వేరు. కథ మాత్రము ఒక్కటే.

మరుసటి చలికాలమున మా మిత్రుడు ఊరికి వచ్చినాడు. సంక్రాంతి వెళ్లిన నాలుగవ నాడు ఇద్దరమును గణపురము గుట్ట ఎక్కినాము. చేలలో పల్లికాయ పీకుచున్నారు. ఉదయపు మంచు గణపసముద్రము చెరువు మీదినుండి ఇంకను లేవలేదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కాలమున, అనగా పదుమూడవ శతాబ్దమున, వారి సామంతులైన గోన వంశీయులలోని గణపరెడ్డి ఈ దుర్గమును కట్టించెనని ప్రసిద్ధి. రంగనాథ రామాయణకర్తగా చెప్పబడు గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. తెలుగులో తొలి కవయిత్రిగా పేరొందిన కుప్పాంబిక ఆ యింటి ఆడుబిడ్డ. రెండు గుట్టలను కలుపుచు పోయిన ఆ ప్రాకారమును క్రిందినుండి చూచిన, ఆ రాళ్లు అంత ఎత్తునకు ఎట్లు పోయినవా యని ఆశ్చర్యము కలుగును.

చిత్రమేమనగా, ఐరోపాలోని స్టేషనుల పేర్లు వరుసగా చెప్పగల మా మిత్రుడు ఆ గుట్ట నెక్కుట అదియే మొదలు. అతనితో కూడ వాళ్ల నాయనమ్మ ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టె మూట యున్నది. దానికన్న విలువైనది ఇంకొకటి యున్నది – ఒక చిన్న నోటుపుస్తకము. వచ్చిన నాటినుండి అతడు నాయనమ్మ ప్రక్కన కూర్చుండి తాతగారి సంగతులు అడిగి వ్రాసికొన్నాడు. ఏ సంవత్సరము పోయినది ఆమెకు తెలియదు. "పెద్దోడు నడక నేర్చిన యేడు" అన్నది. ఎవరెవరు కూడ పోయినారో తెలుసు. పదునొకండు పేర్లు చెప్పినది. వారిలో తిరిగి రానివారు ఇద్దరు. అప్పు ఎంతయో, గుడిసె ఏ గట్టున వేసికొన్నారో, ఏ పండుగకు ఇంటికి వచ్చినారో చెప్పినది. "ఇన్నేండ్లకు అడిగితివా బిడ్డా" అని మాత్రము చివర అన్నదట.

గుట్టమీద గోడనానుకొని కూర్చుండి ఆ పదునొకండు పేర్లను అతడు మాకు చదివి వినిపించినాడు. వేలా కంచులో పోసిన దానిని అతడు ఇరువది పుటల కాగితము మీద వ్రాసినాడు. రెండును ఒక జాతి పనియే యని మాకు తోచినది.

మేము ఈ నాలుగు మాటలు చెప్పుట ఐరోపా వింతలను వర్ణించుటకు గాదు. రాజులు కట్టించిన కోటలకు శాసనము లుండును. కంపెనీలు వేసిన దారులకు లెక్కల పుస్తకము లుండును. మోసినవారికి ఉండునది ఇంటిలోని ముసలివారి జ్ఞాపకము ఒక్కటే. అది వారితో కూడ పోవును. గణపురము గుండా పోయిన ఒక పల్లకి ప్రయాణము నేటికిని మనకు తెలియుచున్నదన్న, ఒకరు మిత్రునికి వ్రాసినందువలన, ఆ మిత్రుడు దానిని పోనీయక అచ్చొత్తించినందువలన తెలియుచున్నది. కాని ఆ పల్లకి మోసిన బోయీలు ఎవరో మనకు తెలియదు.

రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు ఒకచోట చేరి రేడియో వినెడి వేళ, దానిని కట్టివేసిన తరువాత ఒక పావుగంట మిగిలియుండును. ఆ పావుగంటలో ఇంటిలోని పెద్దవారిని ఒక్క ప్రశ్న అడుగుడు: మీ నాయన ఏ పనికి, ఏ ఊరికి పోయినాడు? ఎవరితో కూడ పోయినాడు? చెప్పిన పేర్లను వ్రాసి ఉంచుడు. చలికాలపు రాత్రులు పొడవు గలవి. ముసలివారి ముందున్న కాలము అంత పొడవు గలది గాదు.